కెమెరా ముందరి అద్దం వెలుగును తినేస్తుందా?

(సంఘ వార్షిక సమావేశంలో భోజన విరామం తరువాత చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు వగైరా విషయాలపై గట్టి చర్చే జరిగింది. భోజనాలయ్యాక కాస్త తేలికపాటి విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నాకు 20 నిమిషాలు కేటాయించారు. నాకు ఫోటోల సరదా ఉన్నదని వారికి తెలుసు. అందుచేత మన సభ్యులలో ఒకరి ఇంట్లో ఈ మధ్య వచ్చిన ఒక తగవును మీ ముందు పెడతాను. ఆ ఇంటివారి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

వచ్చే నెలలో ఆ మిత్రునికి సహస్ర చంద్ర దర్శనం వేడుక. సాయంత్రం దీపాలు వెలిగించి, పిల్లలంతా కాళ్లకు మొక్కే సమయంలో ఫోటోలు తీయాలని మనవరాలి కోరిక. అదీ సెల్ ఫోన్‌తో కాదు. తాతగారు బీరువాలో దాచిన పాత రీలు కెమెరాతో, ఫ్లాష్ లేకుండా, దీపం వెలుగులోనే తీస్తానంటుంది. ఈనాటి పిల్లలకు రీలు కెమెరాల మీద మళ్లీ మోజు పుట్టింది. కోడాక్, ఇల్‌ఫర్డ్ కంపెనీల రీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. సంతోషమే. అయితే ఆ కెమెరా లెన్స్ ముందు ఒక గుండ్రటి అద్దం బిగించి ఉంది. దానినే ఫిల్టర్ అంటారు. “అది వెలుగును తినేస్తుంది, తీసేద్దాం తాతయ్యా” అని మనవరాలు. “నలభై ఏళ్లుగా లెన్స్‌ను కాపాడినది అదే, తీయడానికి వీల్లేదు” అని తాతగారు.

నవ్వుకునే తగవే గాని, దాని వెనుక ఉన్న సంగతి చిన్నది కాదు. రీలులో ఉండేవి 36 బొమ్మలు. తీసిన వెంటనే చూసుకుని మళ్లీ తీసే వీలు లేదు. రీలు కడిగించి వచ్చేసరికి వేడుక అయిపోతుంది, చుట్టాలు వెళ్లిపోతారు. ఆ వయసు దంపతులకు ఆ సాయంత్రం మళ్లీ రాదు. కనుక ఇద్దరిలో ఎవరి మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం. లెక్కలు మనకు కొత్త కాదు గదా!

మొదట ఈ అద్దం అక్కడికి ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఫోటో ఫిల్మ్‌కు మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా తగులుతాయి. ఎత్తైన కొండల మీద, సముద్రపు ఒడ్డున ఈ కిరణాలు ఎక్కువ. వాటివల్ల దూరపు దృశ్యం పొగమంచు పట్టినట్టు, కాస్త నీలంగా వచ్చేది. దానిని అడ్డుకోవడానికి యు.వి. ఫిల్టర్ అనే రంగులేని అద్దం, స్కైలైట్ అనే లేత గులాబీ రంగు అద్దం వచ్చాయి. తరువాత తరువాత, ఎలాగూ లెన్స్ ముందు ఉన్నది గదా, దుమ్మూ గీతలూ దాని మీదే పడతాయి, లెన్స్ భద్రంగా ఉంటుంది అని జనం దానిని ఎప్పుడూ తీయకుండా ఉంచడం మొదలుపెట్టారు. ఒక పనికి వేసిన ఉద్యోగి మరో సీటులో స్థిరపడినట్టన్నమాట.

రాత్రిపూట దీపం వెలుగులో అతినీలలోహిత కిరణాలు లెక్కలోకి వచ్చేటంత ఉండవు. అంటే ఆ వేళ ఆ అద్దానికి అసలు డ్యూటీ లేదు. మిగిలేది కాపలా ఉద్యోగం ఒక్కటే.

ఇక కోత సంగతికి వద్దాం. మామూలు అద్దానికి వెలుగు తగిలినప్పుడు లోపలికి వెళ్లేచోట సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. బయటికి వచ్చేచోట మరొక 4 శాతం. అంటే ఏ పూతా లేని అద్దం నూటికి ఎనిమిది పాళ్లు మినహాయించుకుని, 92 పాళ్లు లోపలికి పంపుతుంది. మంచి పూత ఉన్న అద్దమైతే మొత్తం మినహాయింపు నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు.

ఎనిమిది రూపాయలు కోసినా ఒప్పుకోని వాళ్లం మనం, ఆ సంగతి నాకు తెలుసు. కాని ఫోటో లెక్క రూపాయల లెక్కలాగా ఉండదు. కెమెరాలో వెలుగును “స్టాప్” అనే కొలతతో కొలుస్తారు. ఒక స్టాప్ తగ్గిందంటే వెలుగు సగం అయిందని అర్థం. ఎఫ్ 2 నుండి ఎఫ్ 2.8కి తిప్పితే సగం. 1/30 సెకను నుండి 1/60కి తిప్పితే సగం. ఈ కొలతలో 8 శాతం కోత అంటే ఒక స్టాప్‌లో ఎనిమిదో వంతు. పూత ఉన్న అద్దమైతే యాభయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు.

ఇంకా వివరంగా చెబుతాను. దీపం వెలుగు దగ్గరగా పడుతున్న ముఖాన్ని 400 వేగం ఉన్న ఫిల్మ్ మీద, లెన్స్‌ను ఎఫ్ 2 దగ్గర పెట్టి తీయాలంటే ఉజ్జాయింపుగా 1/15 సెకను కావాలి. అంటే సెకనులో వెయ్యింట 67 వంతులు. పూతలేని ఫిల్టర్ పెడితే అదే వెలుగు చేరడానికి 72 లేక 73 వంతులు పడుతుంది. వెయ్యింట ఆరు వంతుల తేడా! మన పాత కెమెరాల షట్టర్ మీద అలాంటి గుర్తే ఉండదు. పైగా ఏళ్ల తరబడి వాడక పక్కన పెట్టిన షట్టర్ 1/15 అని రాసి ఉన్నచోట 1/12 ఇచ్చినా, 1/18 ఇచ్చినా వింతపడనక్కర్లేదు. ఆ తేడాలో ఫిల్టర్ కోత మునిగిపోతుంది. కలర్ నెగెటివ్ రీలు అంతకన్నా పెద్ద తేడాలనే సర్దుకుంటుంది.

కాబట్టి మనవరాలి మాటలో మొదటి భాగం నిలవదు. రంగులేని అద్దం వెలుగును తినేయదు, రుచి చూస్తుందంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదంతా రంగులేని అద్దం మాట. మన పాత కెమెరా సంచుల్లో ఇతర ఫిల్టర్లు కూడా ఉంటాయి. వాటి సంగతి వేరు. నలుపు తెలుపు రీళ్ల రోజుల్లో మబ్బులు బాగా కనబడాలని వాడిన పసుపు ఫిల్టర్ ఒక స్టాప్, అంటే సగం వెలుగు తీసుకుంటుంది. నారింజ రంగుది సుమారు రెండు స్టాప్‌లు, ముదురు ఎరుపుది సుమారు మూడు. మూడు స్టాప్‌లంటే ఎనిమిదో వంతు వెలుగే మిగులుతుందన్నమాట. నీటి మీది తళుకు తగ్గించే పోలరైజర్ ఒకటిన్నర నుండి రెండు స్టాప్‌ల వరకు మింగుతుంది. బల్బు వెలుగులో వచ్చే పచ్చదనాన్ని విరగ్గొట్టే ముదురు నీలం ఫిల్టర్ కూడా రెండు స్టాప్‌లు తీసుకుంటుంది. ఇవి రాత్రిపూట పనికిరావు. దీపం వెలుగు బంగారు రంగులో ఉంటేనే మనకు అందం. అంతగా కావాలంటే ప్రింటు వేసేటప్పుడు కొంత సరిచేయించుకోవచ్చు. కావున ముందుగా ఫిల్టర్ తీసి తెల్ల కాగితం మీద పెట్టండి. కాగితం తెల్లగానే కనబడితే అది రంగులేనిది. రంగు గాని, బూడిద ఛాయ గాని కనబడితే ఆ సాయంత్రానికి దానికి సెలవు ఇవ్వండి.

వెలుగును కొలిచే మీటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెంటాక్స్ కె 1000 వంటి కెమెరాలలో మీటర్ లెన్స్ గుండా వచ్చిన వెలుగునే చూస్తుంది. ఫిల్టర్ ఎంత తీసుకున్నా అది తనంతట తానే లెక్కలో వేసుకుంటుంది. కేనన్ వారి కేనొనెట్ క్యూఎల్ 17లో మీటర్ కన్ను లెన్స్ చుట్టూ ఉన్న ఫిల్టర్ వలయం లోపలే ఉంది, కనుక అదీ చూస్తుంది. యాషికా ఎలక్ట్రో 35లో మీటర్ కన్ను లెన్స్ మీద కాక, పైన కెమెరా ఒంటి మీద ఉంటుంది. సోవియట్ జెనిట్-ఇ కెమెరాలో కూడా అంతే. వాటికి ఫిల్టర్ ఉన్నట్టే తెలియదు. రంగులేని అద్దమైతే ఏమీ నష్టం లేదు. పసుపుదో ఎరుపుదో మరచిపోయి ఉంచితే మాత్రం రీలంతా చీకటి.

అయితే తాతగారే గెలిచారా? లేదు. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. లోపల లైటు వెలుగుతుంటే అద్దంలో మీ ముఖమే మీకు కనబడుతుంది. పగలు అదే అద్దంలో ముఖం కనబడదు. అద్దం మారిందా? మారలేదు. పగలు కూడా అది అంతే వెలుగును వెనక్కి పంపుతుంది. కాని బయటి ఎండలో అది కలిసిపోతుంది. బయట చీకటైనప్పుడు ఆ కొద్ది వెలుగే పెద్దగా కనిపిస్తుంది.

ఫిల్టర్ విషయంలో జరిగేదీ ఇదే. దీపం నుండి బయలుదేరిన వెలుగు ఫిల్టర్ దాటి లెన్స్‌లోకి వెళ్తుంది. అందులో కొంత లెన్స్ అద్దాల మీద, ఫిల్మ్ మీద పడి వెనక్కి తిరుగుతుంది. తిరిగి వస్తూ ఫిల్టర్ వెనుక ముఖానికి తగిలి మళ్లీ లోపలికి పోతుంది. ఫిల్టర్ బల్లపరుపుగా ఉండే అద్దం కనుక ఆ వెలుగు చెదిరిపోకుండా మరొక చిన్న దీపంలాగా ఫిల్మ్ మీద పడుతుంది. అదీ తలకిందులుగా, బొమ్మ మధ్య భాగానికి అవతలి వైపున. కుడివైపు పైన దీపం ఉంటే ఎడమవైపు కింద ఒక దొంగ దీపం వెలుస్తుంది. ఇంకొంత వెలుగు పలచని తెరలాగా బొమ్మంతా పరుచుకుని, నల్లగా ఉండవలసిన చోట్లను బూడిద రంగు చేస్తుంది. కోనేటి మెట్ల మీద కార్తీక దీపాలు, వీధిలైట్లు, పెళ్లిపందిరి సీరియల్ బల్బులు – చుట్టూ చీకటి, మధ్యలో ప్రకాశవంతమైన చుక్కలు ఉన్న దృశ్యాలన్నీ ఇలాంటివే. లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీసినప్పుడు ఇది ఇంకా కొట్టవచ్చినట్టు కనిపించవచ్చు.

మన భాషలో చెప్పాలంటే, నూటికి ఎనిమిది రూపాయలు రాకపోతే ఖాతా తలకిందులు కాదు. ఆ ఎనిమిదిలో ఒక్క రూపాయి వేరొకరి ఖాతాలో జమ పడితే మాత్రం లెడ్జరు మొత్తం పాడవుతుంది. రాత్రి ఫోటోలో తగ్గిన వెలుగు వల్ల చెడేది లేదు. దారి తప్పిన వెలుగు వల్లనే చెడుతుంది.

ఈ వెనక్కి తిరిగే వెలుగును తగ్గించేదే పూత. దీని కథ మన వయసువారికి నచ్చేది. 1886లో లార్డ్ రేలీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పాతబడి పైన మసకబారిన అద్దం, కొత్త అద్దం కన్నా ఎక్కువ వెలుగును లోపలికి పంపుతున్నదని గమనించారు. వయసు మీదపడితే పనికిరామనుకునే వారికి ఇది మంచి జవాబు. పైన ఏర్పడిన పలచని పొర వల్ల ఆ మేలు జరుగుతున్నదని తరువాత తేలింది. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో స్మకులా అనే శాస్త్రవేత్త అద్దం మీద కావాలనే అలాంటి పొర వేసే పద్ధతి కనిపెట్టారు. తరువాత ఒకదాని మీద ఒకటి ఎన్నో పొరలు వేయడం వచ్చింది. ఈనాటి మంచి ఫిల్టర్లన్నీ అలాంటివే.

మీ ఫిల్టర్‌కు పూత ఉన్నదా లేదా తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. నల్లగుడ్డ మీద పెట్టి, ట్యూబ్‌లైటు ప్రతిబింబం దానిలో చూడండి. ట్యూబ్‌లైటు తెల్లగా, ప్రకాశంగా కనబడితే పూత లేదు. ఆకుపచ్చగానో, ఊదాగానో, మందంగా కనబడితే పూత ఉంది. ఇదే పరీక్ష మీ కళ్లజోడుకు కూడా చేయవచ్చు. కళ్లజోడు దుకాణంలో ఎక్కువ డబ్బు తీసుకుని “యాంటీ రిఫ్లెక్షన్” అని చెప్పేది ఈ పూత గురించే. పూతలేని కళ్లజోడుతో రాత్రి రోడ్డు దాటేటప్పుడు ఎదురు లైట్లకు అద్దంలో మెరుపులు, నీడలైట్లు కనబడతాయి. మన కళ్లకు జరిగేదే కెమెరాకూ జరుగుతుంది.

మరొక మాట. కాపలా అద్దం ఏళ్ల తరబడి బిగించి ఉంచితే లెన్స్ భద్రంగానే ఉన్నదని నమ్మకూడదు. మన కోస్తా ఊళ్ల ఉక్కకు, వానాకాలపు చెమ్మకు, తోలుసంచిలో మూసి బీరువాలో పెట్టిన కెమెరా లెన్స్‌కు బూజు పడుతుంది. సాలెగూడు దారాల్లా తెల్లగా పాకుతుంది. ఫిల్టర్ దానిని ఆపలేదు. పైగా ఫిల్టర్ తీసి చూడకపోవడం వల్ల బూజు పట్టిన సంగతే మనకు తెలియదు. ఫిల్టర్ మీద జిడ్డు వేలిముద్ర ఒకటి ఉన్నా దీపాల చుట్టూ మసక గుడి కడుతుంది. కొత్త ఫిల్టర్ వల్ల పోయే వెలుగు కన్నా మురికి ఫిల్టర్ వల్ల జరిగే చెరుపు ఎంతో ఎక్కువ.

ఇంతకూ ఆ ఇంటివారికి నేను చెప్పిన సలహా ఇది. ముందుగా ఫిల్టర్ విప్పండి. మర బిగుసుకుపోయి ఉంటే కటింగ్ ప్లేయరు పెట్టి తిప్పవద్దు. వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టూ వేసి, మునివేళ్లతో అంతటా సమంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. రాకపోతే కెమెరాలు బాగుచేసే మనిషికి ఇవ్వండి. ఊడి వచ్చాక టార్చిలైటు వేసి లెన్స్‌లో బూజు ఉన్నదేమో చూడండి. వేడుకకు ముందే ఒక రీలు ఖర్చు పెట్టి, సాయంత్రం అదే గదిలో, అదే దీపాల మధ్య, ఫిల్టర్‌తో కొన్ని, లేకుండా కొన్ని తీసి కడిగించి చూడండి. ఒక రీలు పోయినా తగవు తీరుతుంది, షట్టర్ పని చేస్తున్నదో లేదో కూడా తెలుస్తుంది.

వేడుక నాడు దీపాలు బొమ్మలో కనబడేటట్టు తీసేటప్పుడు ఫిల్టర్ తీసేయండి. దాని బదులు లెన్స్ చుట్టూ హుడ్ అనే గొట్టంలాంటి తొడుగు పెట్టండి. పక్కనుండి పడే లైట్లను అది ఆపుతుంది, చిన్న చిన్న దెబ్బలను కాస్తుంది, బొమ్మలోకి వచ్చే వెలుగులో పైసా కూడా తీసుకోదు. దీపాలు బొమ్మలో లేకుండా, వాటి వెలుగు పడిన ముఖాలను మాత్రమే తీసేటప్పుడు ఫిల్టర్ ఉన్నా లేకున్నా తేడా తెలియదు. అక్షింతలు, పసుపు నీళ్లు చల్లే చోట, పసిపిల్లలు చేతులు పెట్టే చోట దానిని ఉంచడమే మేలు. ఒకదాని మీద ఒకటిగా రెండు ఫిల్టర్లు మాత్రం పెట్టవద్దు. పూతలేనివి రెండైతే కోత 15 శాతానికి వస్తుంది, దొంగ దీపాలు పెరుగుతాయి, మూలలు కూడా నల్లబడవచ్చు.

వెలుగు చాలకపోవడమే మీ అసలు ఇబ్బంది అయితే, దానికి మందు ఫిల్టర్ దగ్గర లేదు. 400 బదులు 800 వేగం రీలు వేస్తే ఒక స్టాప్ కలిసివస్తుంది. అది పూతలేని ఫిల్టర్ కోతకు ఎనిమిది రెట్లు. నాలుగు వత్తుల బదులు ఎనిమిది వెలిగిస్తే మరొక స్టాప్. కెమెరాను స్టాండు మీద గాని, బల్ల మీద గాని ఆనించి తీస్తే 1/15 దగ్గర చెయ్యి వణికే భయం ఉండదు. మన చేతులకు అది ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

మరీ చీకటిలో సెకన్ల కొద్దీ షట్టర్ తెరిచి ఉంచేవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఒక సెకను దాటితే ఫిల్మ్ మందగిస్తుంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ 5 ప్లస్ రీలు మీద మీటర్ 10 సెకన్లు చూపితే, ఆ కంపెనీ ఇచ్చిన సూత్రం ప్రకారం సుమారు 20 సెకన్లు ఇవ్వాలి. అక్కడ ఫిల్టర్ తీసుకునే ఎనిమిది పాళ్ల గురించి బెంగపడటం, గాదె ఖాళీ అవుతుంటే గింజలు లెక్కపెట్టడం లాంటిది.

రీలు కెమెరా లేనివారు ఈ మాటలు మాకెందుకనుకోవద్దు. సెల్ ఫోన్ కెమెరా మీద అదనంగా ఒక అద్దం ముక్క అతికించడం ఇప్పుడు మామూలైపోయింది. రాత్రి తీసిన ఫోటోలో వీధిలైటు రెండుగా కనబడితే, ముందు ఆ అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ పోకపోతే అతికించిన ముక్కను తీయించి చూడండి. సూత్రం అదే.

కనుక తీర్పు ఇద్దరికీ సగం సగం. వెలుగు పోతుందన్న మనవరాలి భయానికి లెక్కలో ఆధారం లేదు. ఎప్పుడూ తీయకూడదన్న తాతగారి పట్టుదలకు కూడా ఆధారం లేదు. పగలు ఎండలో, సముద్రపు గాలిలో, దుమ్ములో, హోలీ రంగుల్లో ఫిల్టర్ ఉండనివ్వండి. రాత్రి దీపాలు ఎదురుగా ఉన్నప్పుడు విప్పి, జేబులో కాక దాని డబ్బాలో పెట్టండి. పని అయ్యాక మళ్లీ బిగించండి.

మన ఇళ్లలో మూలపడి ఉన్న కెమెరాలను ఈ వారమే ఒకసారి బయటికి తీయవలసిందిగా మనవి. పిల్లలు అడిగితే కాదనకుండా ఇవ్వండి. ఇచ్చేముందు ఆ అద్దం ఎలా విప్పాలో, ఎలా బిగించాలో పక్కన కూర్చుని చూపించండి. మనం చూపగలిగినప్పుడే చూపాలి.

 కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.